వెనుక బ్రేకు ఎంతవరకు ఆపగలదు?

భిలాయ్ ఉక్కు కర్మాగారం గేటు దగ్గర షిఫ్టు మారే వేళ ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. మోటారు సైకిళ్లు, స్కూటర్లు గుంపులు గుంపులుగా రోడ్డెక్కుతుంటాయి. ముందున్న బండి నెమ్మదించిన ప్రతిసారీ వెనుకవారి కుడి పాదం పెడల్ మీదికి దిగుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. హ్యాండిల్ మీదున్న కుడి చేతి వేళ్లు మాత్రం చాలామందికి కదలవు.

మా చిన్నాన్న నలభై ఏళ్లు అలాగే నడిపారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ప్లాంటులో చేరి, సెక్టార్ క్వార్టర్లలో కాపురం పెట్టిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. తన పాత స్కూటర్ మీద నాకు నేర్పిస్తూ ఆయన చెప్పిన మొదటి పాఠం ఇది: "ఒరేయ్, ముందు బ్రేకు జోలికి పోకు. పట్టావంటే ఎగిరి అవతల పడతావు."

ఆ పాఠం నాకు ఎంత బాగా ఒంటబట్టిందంటే, ఒక వానాకాలం సాయంత్రం ఆవు అడ్డొచ్చినప్పుడు నా చేతివేళ్లు కదలనే లేదు. కాలు మాత్రం పెడల్‌ను అడుగంటా తొక్కింది. వెనుక చక్రం బిగుసుకుపోయింది, బండి తోక ఊపినట్టు పక్కకు తిరిగి పడిపోయింది. ఆవు తనంతట తాను తప్పుకుంది కాబట్టి మోకాలి చర్మంతో సరిపోయింది.

ఈమధ్య చిన్నాన్న కొడుకు ఉద్యోగంలో చేరి 150 సీసీ బండి కొన్నాడు. చిన్నాన్న వాడికీ అదే పాఠం చెప్పారు. వాడు నా దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, యూట్యూబ్‌లో ముందు బ్రేకే ముఖ్యం అంటున్నారు, నాన్నేమో ముట్టుకోవద్దంటున్నారు. నువ్వు ఫిజిక్స్ చదివావు కదా, ఏది నిజం?" అని అడిగాడు.

ఇది ఒక్క మా ఇంటి ప్రశ్న కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో ప్రతి 100 మందికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. ఆ ప్రమాదాలకు కారణాలు అనేకం. అయితే ఆపద ఎదురైన ఆ ఒకటి రెండు సెకన్లలో నడిపేవారి చేతిలో మిగిలే సాధనం చాలాసార్లు బ్రేకు ఒక్కటే. దాన్ని ఎలా వాడాలన్నది తెలుసుకుని తీరాల్సిన విషయం.

బరువు ముందుకు జరుగుతుంది

బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలుతాం. కాళ్లు బస్సుతో పాటు నెమ్మదిస్తాయి, పైభాగం మాత్రం జడత్వం వల్ల అదే వేగంతో ముందుకు సాగుతుంది. మోటారు సైకిల్‌కూ ఇదే జరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు బండిని వెనక్కి లాగే ఘర్షణ బలం టైరు నేలను తాకే చోట, అంటే అట్టడుగున పనిచేస్తుంది. బండి, మనిషి కలిసిన బరువుకు కేంద్రమేమో ఇంచుమించు సీటు కింద, నేలకు రెండడుగుల ఎత్తున ఉంటుంది. కింద లాగుతుంటే పైన ముందుకు తోసుకుపోవడంతో బండి ముందుకు ఒరగాలని చూస్తుంది. ముందు ఫోర్కు కుంగుతుంది, వెనుక భాగం లేస్తుంది.

దీన్నే బరువు బదిలీ అంటారు. ఎంత బరువు ముందుకు మారుతుందన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: ఎంత గట్టిగా ఆపుతున్నాం, గురుత్వ కేంద్రం ఎంత ఎత్తున ఉంది, రెండు చక్రాల మధ్య దూరం ఎంత. కారు పొడవుగా, నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దానికి ఈ బదిలీ తక్కువ. భిలాయ్‌లో చేసిన పట్టాల మీద పరుగెత్తే రైలు బోగీ పొడవు 20 మీటర్లకు పైమాటే, దానికి ఇంకా తక్కువ. మోటారు సైకిల్ పొట్టిగా, ఎత్తుగా ఉండే వాహనం. అందుకే దీనికి బరువు బదిలీ ఎక్కువ.

ఒక మామూలు బండిని తీసుకుందాం. మనిషితో కలిపి 210 కిలోలు, చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లు, గురుత్వ కేంద్రం ఎత్తు 0.6 మీటర్లు అనుకుందాం. కదలకుండా ఉన్నప్పుడు చెరో చక్రం మీద 105 కిలోల భారం ఉందనుకుందాం. సిగ్నల్ దగ్గర ఆపినట్టు మెల్లగా బ్రేకు వేస్తే, అంటే గురుత్వ త్వరణంలో 0.3 వంతు చొప్పున వేగం తగ్గిస్తే, ముందు చక్రం మీద 134 కిలోలు, వెనుక చక్రం మీద 76 కిలోల భారం ఉంటుంది. పొడి తారు రోడ్డు మీద శక్తి కొద్దీ ఆపితే, అంటే 0.8 వంతుకు చేరితే, ముందు చక్రం మీద 182 కిలోలు, వెనుక 28 కిలోలే మిగులుతాయి.

టైరు నేలను ఎంత గట్టిగా పట్టుకోగలదన్నది దాని మీద ఉన్న భారాన్ని బట్టి ఉంటుంది. 28 కిలోల భారమున్న టైరు ఆ భారానికి తగ్గ పట్టే ఇస్తుంది. పెడల్‌ను ఇంకా గట్టిగా తొక్కితే పట్టు పెరగదు, చక్రం బిగుసుకుని జారడం మొదలవుతుంది. మరో చిక్కు కూడా ఉంది. వెనుక బ్రేకు ఒక్కటే వేసినా బరువు ముందుకే జరుగుతుంది. అంటే వెనుక బ్రేకు తాను పనిచేస్తున్న కొద్దీ తన కాళ్ల కింది నేలను తానే తగ్గించుకుంటుంది.

18 మీటర్లు, 22 మీటర్లు, 48 మీటర్లు

ఇదే బండి పొడి రోడ్డు మీద గంటకు 60 కి.మీ. వేగంతో పోతోందనుకుందాం. టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 0.8 అనుకుని లెక్క వేస్తే వచ్చే దూరాలు ఇవి. రెండు బ్రేకులూ చక్కగా వాడితే బండి సుమారు 18 మీటర్లలో ఆగుతుంది. ముందు బ్రేకు ఒక్కటే వాడితే 22 మీటర్లు పడుతుంది. వెనుక బ్రేకు ఒక్కటే అయితే 48 మీటర్లు. ప్రమాదాన్ని చూసి, బ్రేకు వేయాలని మెదడు నిర్ణయించే ఒక సెకనులో బండి మరో 17 మీటర్లు పోతుంది. అది మూడింటికీ అదనం.

ఇవి నేర్పరి చేతిలో వచ్చే ఆదర్శ దూరాలు. మామూలుగా నడిపేవారికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. అయినా వాటి మధ్య తేడా గమనించండి. రెండు బ్రేకులు వాడిన బండి పూర్తిగా ఆగిపోయిన చోట, వెనుక బ్రేకు మీదే ఆధారపడిన బండి ఇంకా గంటకు 48 కి.మీ. వేగంతో ఉంటుంది. అక్కడ ఒక లారీ వెనుక భాగం ఉంటే ఆ బండి అదే వేగంతో దాన్ని గుద్దుకుంటుంది.

ముందు బ్రేకు ఒక్కటే చాలనే కొత్త తరం వాదనకూ ఈ లెక్కలోనే జవాబుంది. ముందు బ్రేకు మాత్రమే వాడిన బండి అదే 18 మీటర్ల గుర్తు దగ్గర ఇంకా 27 కి.మీ. వేగంతో ఉంటుంది. ఒక కాలు విరగడానికి ఆ వేగం చాలు. వెనుక బ్రేకు వాటా చిన్నదే అయినా, ఆ చిన్న వాటా లేకపోతే వచ్చే తేడా ఇది.

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో హ్యారీ హర్ట్ నాయకత్వంలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం 900 మోటారు సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చింది. ఆపదలో చాలామంది వెనుక బ్రేకును అతిగా తొక్కి చక్రాన్ని జారనిచ్చారని, ముందు బ్రేకును చాలినంత వాడలేదని అందులో తేలింది. తప్పించుకోవడానికి వారికి దొరికిన సమయం సాధారణంగా రెండు సెకన్ల లోపే. అంత తక్కువ సమయంలో ఎవరూ ఆలోచించి బ్రేకు వేయలేరు. చేతికి, కాలికి ఏది అలవాటైతే అదే జరుగుతుంది.

పెద్దల మాటలో ఉన్న నిజం

అలాగని చిన్నాన్న మాటను కొట్టిపారేయలేం. ఆయన తరం నడిపిన స్కూటర్లకు పది అంగుళాల చిన్న చక్రాలు, ముందు వెనుక డ్రమ్ము బ్రేకులు ఉండేవి. వెనుక బ్రేకు కాలి కింద ఉండేది. ముందు బ్రేకు లాగితే బండి ముక్కు కుంగేది, ఇసుక మీద చిన్న చక్రం ఇట్టే జారేది. ఆ బండ్ల మీద, ఆ రోడ్ల మీద పుట్టిన జాగ్రత్త అది.

భయం సరైనదే, దానికి చెప్పిన కారణమే సరికాదు. మనం తీసుకున్న బండి ముందుకు పల్టీ కొట్టాలంటే గురుత్వ త్వరణానికి 1.08 రెట్లు చొప్పున వేగం తగ్గాలి. 0.8 ఘర్షణ గుణకం ఉన్న రోడ్డు అంత పట్టు ఇవ్వనే ఇవ్వదు. అంతకు ముందే ముందు టైరు జారుతుంది. అసలు ప్రమాదం ఆ జారడంలోనే ఉంది. తిరుగుతున్న ముందు చక్రమే బండికి దారి చూపుతుంది, నిలువునా నిలబెడుతుంది. అది బిగుసుకుంటే హ్యాండిల్ తిప్పినా ఫలితం ఉండదు, తేరుకునే లోపే బండి పక్కకు పడిపోతుంది.

ముందు చక్రం ఎందుకు బిగుసుకుంటుంది? చాలాసార్లు లివర్‌ను ఒక్కసారిగా లాగడం వల్ల. బరువు ముందుకు చేరడానికి, ఫోర్కు కుంగడానికి సెకనులో కొంత భాగం పడుతుంది. లివర్‌ను ఒక్క ఉదుటున పట్టేస్తే, భారం ఇంకా 105 కిలోల దగ్గరే ఉన్న టైరు మీద 182 కిలోల భారానికి సరిపోయే బ్రేకు పడుతుంది. టైరు తట్టుకోలేదు. అదే లివర్‌ను తడిబట్ట పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ పోతే బరువు వచ్చి చేరుతుంది, పట్టు పెరుగుతుంది, అప్పుడు మరింత గట్టిగా పట్టినా ఓర్చుకుంటుంది. చిన్నాన్న పాఠాన్ని ఇలా సవరించుకోవచ్చు: ముందు బ్రేకు పట్టాలి, ఒక్కసారిగా లాగకూడదు.

వెనుక బ్రేకు చేసే పనులు

వెనుక బ్రేకు అవసరం ఎక్కడెక్కడ ఉంటుందో చూద్దాం.

మొదటిది, బండిని కుదురుగా ఉంచడం. ముందు బ్రేకుతో పాటు వెనుక బ్రేకును మెల్లగా వేస్తే రెండో చక్రం కూడా బండిని వెనక్కి లాగుతుంది. దారానికి కట్టిన రాయిని వెనక్కి లాగినట్టు, బండి తిన్నగా ఉండడానికి అది సాయపడుతుంది.

రెండోది, నెమ్మదిగా పోయేటప్పుడు. సూపేలా, పవర్ హౌస్ బజార్ల రద్దీలో బండి తిప్పాలన్నా, ఇరుకు సందులో యూటర్న్ తీసుకోవాలన్నా ముందు బ్రేకు వాడకండి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే బండి ఆ పక్కకే కూలబడుతుంది. వెనుక బ్రేకును తేలిగ్గా తొక్కి ఉంచి, క్లచ్, యాక్సిలరేటర్‌తో నెట్టుకొస్తే బండి ఊగకుండా తిరుగుతుంది. ఎత్తు మీద ఆగినప్పుడు బండి వెనక్కి జారకుండా పట్టేదీ, చేతిని యాక్సిలరేటర్‌కు ఖాళీగా ఉంచేదీ పెడలే.

మూడోది, పట్టు తక్కువగా ఉన్న రోడ్డు. తడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.4కు పడిపోయిందనుకుందాం. అంత గట్టిగా ఆపలేం కాబట్టి బరువు బదిలీ కూడా తక్కువే. మన బండికి వెనుక చక్రం మీద 66 కిలోల భారం మిగులుతుంది. ఆపే పనిలో వెనుక బ్రేకు వాటా పొడి రోడ్డు మీద 13 శాతమైతే, తడి రోడ్డు మీద 31 శాతానికి చేరుతుంది. వానలో వెనుక బ్రేకును మరచినవారు మూడో వంతు బ్రేకును వదులుకున్నట్టే. అయితే దాని మీదే ఆధారపడితే ఇంకా నష్టం. అదే 60 కి.మీ. వేగంలో రెండు బ్రేకులతో తడి రోడ్డు మీద 35 మీటర్లలో ఆగే బండికి వెనుక బ్రేకుతో 84 మీటర్లు కావాలి.

నాలుగోది, వెనుక ఇంకొకరు కూర్చున్నప్పుడు. పిల్లియన్ బరువు ఎక్కువగా వెనుక చక్రం మీదే పడుతుంది. కాబట్టి అది బిగుసుకోకుండా ఇంకాస్త గట్టిగా పనిచేయగలదు. బండి మొత్తం బరువు పెరిగింది కాబట్టి ఆ సాయం అవసరం కూడా.

వెనుక చక్రం బిగుసుకుంటే

తిరగడం మానేసి జారుతున్న టైరుకు పక్కకు పట్టు ఉండదు. అందుకే వెనుక భాగం అటూ ఇటూ ఊగుతుంది. ఆ వానాకాలం సాయంత్రం నాకు జరిగింది ఇదే. బండి ఇంకా తిన్నగానే ఉంటే పెడల్‌ను కొద్దిగా వదలండి. చక్రం మళ్లీ తిరుగుతుంది, బండి సర్దుకుంటుంది. ముందు చక్రం జారినప్పటి కంటే దీనికి తేరుకునే వ్యవధి ఎక్కువ.

బండి బాగా అడ్డం తిరిగాక మాత్రం పెడల్‌ను హఠాత్తుగా వదలడం మరింత ప్రమాదం. అప్పుడు టైరుకు ఒక్కసారిగా పట్టు దొరికి, బండి ఝాడించినట్టు నిటారుగా లేచి, మనిషిని అవతలి వైపుకు విసిరేస్తుంది. మామూలుగా జారి పడడం కంటే ఆ పడడంలో దెబ్బలు ఎక్కువ. ఆ స్థితిలో పెడల్ అలాగే తొక్కి ఉంచి, చూపు ముందుకు నిలిపి, బండిని ఆగేదాకా జారనివ్వడమే మేలని శిక్షకులు చెబుతారు.

మలుపులో సంగతి వేరు. టైరు దగ్గర ఉన్న పట్టు ఒక జేబులోని డబ్బు లాంటిది. మలుపు తిరగడానికి కొంత ఖర్చు పెడితే బ్రేకుకు మిగిలేది తక్కువ. అందుకే బ్రేకు పని మలుపుకు ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే ముగించుకోవాలి. భిలాయ్ లాంటి ఊళ్లో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. రైల్వే గేట్ల దగ్గర తడిసిన పట్టాల మీద, రోడ్డు మీది తెల్ల గీతల మీద, లారీల నుంచి రాలిన ఇసుక, ఖనిజపు పొడి మీద పట్టు హఠాత్తుగా పడిపోతుంది. వాటికి ముందే వేగం తగ్గించుకుని, పట్టాలను వీలైనంత అడ్డంగా, బ్రేకు ముట్టుకోకుండా దాటండి.

సీబీఎస్, ఏబీఎస్ వచ్చాక

మన తమ్ముడి లాంటివారికి ఇంకో ప్రశ్న వస్తుంది: కొత్త బండ్లలో యంత్రమే చూసుకుంటుంది కదా? మన దేశంలో 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లకు, 2019 ఏప్రిల్ 1 నుంచి అన్ని కొత్త బండ్లకు ఈ నిబంధన వచ్చింది. 125 సీసీ దాటిన వాటికి ఏబీఎస్, 125 సీసీ వరకు ఉన్న వాటికి కనీసం సీబీఎస్ ఉండాలి.

సీబీఎస్ ఉన్న బండిలో వెనుక బ్రేకు వేస్తే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. వెనుక బ్రేకుకే అలవాటు పడ్డవారిని దృష్టిలో పెట్టుకుంటే మంచి ఏర్పాటు. కానీ ముందు బ్రేకు పూర్తి బలం కావాలంటే దాని లివర్ విడిగా పట్టాల్సిందే. ఏబీఎస్‌లో చక్రం వేగాన్ని ఒక సెన్సర్ కనిపెట్టుకుని ఉంటుంది. చక్రం బిగుసుకోబోతోందని తెలియగానే బ్రేకు ఒత్తిడిని సెకనుకు ఎన్నోసార్లు తగ్గించి, మళ్లీ పెంచుతుంది. లివర్ లేదా పెడల్ వణికినట్టు అనిపిస్తే అది పనిచేస్తోందని అర్థం, వదలకండి.

మీ బండిలో ఏబీఎస్ ఒక చక్రానికే ఉందా, రెండింటికీనా అన్నది చూసుకోండి. మన దగ్గర చాలా బండ్లలో అది ముందు చక్రానికే ఉంటుంది. అలాంటి బండిలో ముందు బ్రేకును ధైర్యంగా పట్టవచ్చు, వెనుక చక్రం మాత్రం పాత బండిలాగే బిగుసుకుంటుంది. తమ్ముడి బండి కూడా ఈ రకమే. "ముందు బ్రేకు ముట్టుకోకు" అన్న పాఠం దీనికి పూర్తిగా తిరగబడింది. బిగుసుకోకుండా యంత్రం కాపాడే బ్రేకును వదిలేసి, కాపాడని బ్రేకునే తొక్కమన్నట్టు అయింది.

సుద్దముక్కతో ఒక ఆదివారం

చెప్పిన మాట కంటే కాలికీ చేతికీ వచ్చిన అలవాటే ఆపదలో ఆదుకుంటుంది. అందుకే ఒక ఆదివారం పొద్దున్నే తమ్ముడూ నేనూ ఖాళీ మైదానానికి వెళ్లాం. చిన్నాన్న కూడా వచ్చి పక్కన నిలబడ్డారు. సుద్దతో ఒక గీత గీశాం. హెల్మెట్, బూట్లు వేసుకుని, పొడి నేల మీద, తిన్నగా, గంటకు 30 కి.మీ. దాటకుండా వచ్చి గీత దగ్గర బ్రేకు వేయడం పని. మొదట వెనుక బ్రేకుతోనే, తర్వాత ముందు బ్రేకును మెల్లగా బిగిస్తూ రెండూ కలిపి. పది పన్నెండు సార్లు చేశాక ఆగిన చోట్ల మధ్య దూరం నా అంగలతో కొలిస్తే ఎనిమిది అంగలు తేలింది. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. ఆ ఎనిమిది అంగలు 60 కి.మీ. వేగంలో ముప్ఫై దాటతాయి.

మీరూ ఇలా చేసి చూడవచ్చు. మొదట 20 కి.మీ. వేగంతో మొదలుపెట్టండి. వెళ్లే ముందు టైర్లలో గాలి, బ్రేకు లైనింగు, పెడల్ ఎంత కిందికి దిగాక బ్రేకు పట్టుకుంటోందో చూసుకోండి. గొలుసుకు వేసిన నూనె వెనుక టైరు మీదికి, డ్రమ్ము లోపలికి చేరకూడదు. నీళ్ల గుంటలో దిగి వచ్చాక డ్రమ్ము బ్రేకు కాసేపు పట్టు తప్పుతుంది. నెమ్మదిగా పోతూ రెండు మూడు సార్లు తేలిగ్గా తొక్కితే ఆరుతుంది.

చిన్నాన్న ఆ గీతలను చాలాసేపు చూశారు. తర్వాత బండి తాళం అడిగి, రెండు వేళ్లు లివర్ మీద పెట్టి ఒక చుట్టు తిరిగి వచ్చారు. ఆగాక తమ్ముడితో అన్న మాట ఇది: "రెండూ వెయ్యరా. కానీ ముందుది లాగకు, పిండు."